రెండో స్లాటు

ఏమండీ,

ఫోనులోనే చెబుదామని నాలుగుసార్లు అనుకున్నాను. మీ గొంతు వినగానే తిన్నారా అని అడిగి మాట మార్చేస్తున్నాను. అందుకే ఈ కాగితం. నిలబడి చదవకండి, కూర్చోండి.

మీ కంప్యూటర్ మూత తీశాను. తుడవడానికి కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు కదా, ఇప్పుడు ఏకంగా దాని పొట్టే తెరిచాను. లోపలున్న పాత ర్యామ్, అదే మెమరీ పలకలు తీసేసి, ముప్పైరెండు జీబీలవి కొత్తవి రెండు పెట్టాను. రిపేరు షాపులో మెడకు కళ్లజోడు వేలాడేసుకుని ఒకావిడ ఉంటుందే, ఆవిడే నేర్పింది. ముందు కరెంటు తీగ పీకేయమంది. తరువాత కంప్యూటర్ క్యాబినెట్ ఇనుమును ముట్టుకోమంది, లేకపోతే మన ఒంట్లో ఉన్న కరెంటు తగిలి చిప్పు పాడవుతుందట. నా చెయ్యి తగిలితేనే పోయేంత సుకుమారమా అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఇంటికొచ్చి, పలకల మీది గాటు సరిచూసుకుని, స్లాటుల్లో పెట్టి, రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కాను. స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోయి, బీప్ బీప్ అని ఒకటే గోల. పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్లీ తీసి చూస్తే ఒక పక్క క్లిప్పు మూసుకోలేదు. విరిగితే విరిగిందని గట్టిగా నొక్కితే టక్కుమంది. ఈసారి తెర మీద అరవైనాలుగు అని చూపించింది. వంటింట్లోకి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఆ ఏడుపు ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

మీ కంప్యూటర్ పాతబడి నెమ్మదించలేదండీ. నేనే నెమ్మదించేలా చేశాను. రెండేళ్ల క్రితం, మీరు సైటు చూడడానికి వెళ్లిన పూట, ఎవరిదో వీడియో చూసుకుంటూ మూత తీసి, రెండో స్లాటులో ఉన్న ర్యామ్ పీకి నా కుట్టుపెట్టెలో దాచాను. మీరు పొద్దున్నుంచీ ఎవరెవరో కట్టుకోబోయే ఇళ్లకు కంప్యూటర్లో బొమ్మలు చేసేవారు. వాళ్ల బాల్కనీల్లో కుర్చీలు వేసేవారు, పూలకుండీలు పెట్టేవారు. మన బాల్కనీలో నేనొక్కదాన్నే కూర్చునేదాన్ని. ఆదివారం కూడా అంతే. కంప్యూటర్ కాస్త మొండికేస్తే విసుగొచ్చి లేచి నా పక్కకు వస్తారనుకున్నాను. లేచారు. లేచి వేరే ఊరికే వెళ్లిపోయారు. ఈ డబ్బా మీద పెద్ద బొమ్మలు కావు, ఆఫీసులో చేరుతున్నానన్నారు. అప్పుడైనా నోరు విప్పాల్సింది. మీ పెట్టె సర్దుతూ కూడా చెప్పలేకపోయాను. అసహ్యించుకుంటారని భయం. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను పడి రెండేళ్లయింది.

నెలకోసారి వచ్చి రెండు రోజులుండి వెళతారు. వెళ్లాక మీ తువ్వాలు నాలుగు రోజులు ఉతకను. మీ కుర్చీ ఎత్తు తగ్గించలేదు. కాళ్లు నేలకు అందకపోయినా అలాగే కూర్చుంటాను.

ఇప్పుడు కంప్యూటర్ బాగుంది. ఎంత పెద్ద బొమ్మయినా ఇక్కడే చేసుకోవచ్చు. మీ ఇష్టం.

మీ
నేను


దొంగగారికి,

కూర్చునే చదివాను.

నాకు తెలుసు. నువ్వు తీసిన మర్నాడే తెలుసు. ఎంత మెమరీ ఉందో కంప్యూటరే తెర మీద చెబుతుంది, నువ్వూ చూశావుగా. పాతవి రెండూ కలిపి ముప్పైరెండు ఉండాల్సిన చోట పదహారు కనిపించింది. మూత తీస్తే రెండో స్లాటు ఖాళీ. ఇంట్లో ఉండేది మనిద్దరం, పిల్లి కూడా లేదు. అరగంటలో కొత్తది తెచ్చి పెట్టుకోగలను. పెట్టలేదు.

ఎందుకంటే ఆ వారమే నువ్వు మీ అక్కతో ఫోనులో అన్న మాట నా చెవిన పడింది. "పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడే. బయటికెళ్లి పనిచేసుకునే మగవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది" అన్నావు. ఆ మాటనూ ఈ ఖాళీ స్లాటునూ కలిపి చూసుకున్నాను. పొమ్మనలేక పొగబెట్టావనుకున్నాను. అడగాల్సింది. అడిగితే అవునంటావేమోనని భయమేసి, పరువుగా ఉద్యోగం వెతుక్కున్నాను.

ఇక్కడ ఆరింటికల్లా ఆఫీసు మూసేస్తారు. ఆ తరువాత నాకు పని లేదు. బట్టల కొట్ల ముందు నిలబడి నీకు ఏ రంగు నప్పుతుందో చూస్తుంటాను. ఎందుకు తెచ్చారంటావేమోనని కొనను. కోపం కూడా వచ్చింది, దాచను. రెండేళ్లంటే మాటలా? కానీ తప్పులో సగం నాది కాబట్టి సగమే తిడుతున్నాను.

ఇంకో సంగతి. నీ ఉత్తరమంతా మూడుసార్లు వెతికాను. క్లిప్పు ఉంది, షాపు ఆవిడ కళ్లజోడు ఉంది, అరవైనాలుగు ఉంది. రమ్మన్న మాట మాత్రం ఎక్కడా లేదు. చివర్న మీ ఇష్టం అని రాశావు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మాటతోనే నన్ను చంపుతున్నావు. కంప్యూటర్ బాగుపడిందని నేను రాను.

నీ మొగుడు


ఏమండీ,

బావ ఎప్పుడూ ఊళ్లు పట్టుకు తిరుగుతాడని ఆ పూట అక్క ఏడుస్తోంది. నా మొగుడు ఇంట్లోనే ఉంటాడని దాని ముందు ఎలా మురిసిపోను? అందుకని అలా అన్నాను. మీరు వింటారనుకోలేదు.

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను. అన్నింట్లోనూ ఏదో ఒక వంక పెట్టుకునే పిలిచాను.

మీరు లేకుండా నేను ఉండలేను. వచ్చేయండి.

మీ భార్య