దొరికిన ఒక్క గూడు

ఏప్రిల్ 9
ఇవాళా గూడు దొరకలేదు. పదిహేడో రోజు.
పిపిట్ పిట్ట మాత్రం రోజూ కనపడుతుంది. ఎండుగడ్డి రంగు, పిడికెడు ప్రాణం. నా కాళ్ల ముందే లేచి, రాతి మీద వాలి, నన్ను తిడుతుంది. గూడు అక్కడే ఎక్కడో నేల మీద ఉంటుంది. వెతికితే గడ్డి. కొండంతా గడ్డే.

ఏప్రిల్ 12
ఊటీ నుంచి శరణ్య మేడం వచ్చింది. ఈ పిట్ట మీదే ఆమె పీహెచ్‌డీ. గూళ్లు వెతకడానికి నన్ను పెట్టుకుంది. నెలాఖరుకి ఒక్క గూడైనా చూపించకపోతే ప్రాజెక్టు ఆగిపోతుందట. అంటే నా పనీ పోతుంది. "నువ్వు ఈ కొండల బిడ్డవే కదా నంజీ, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?" అంది.
కొండ మీద పుట్టానని పిట్టలు నాకు అడ్రస్ చెప్పి గూడు కడతాయా? పైకి అనలేదు. సరే మేడం అన్నాను.

ఏప్రిల్ 13
నా వెతుకులాట చూసి మా ఇంటి మాదత్తకి ఒకటే నవ్వు. ఊహ తెలిసినప్పటి నుంచి ఈ గడ్డిలో గేదెలు కాసిన మనిషి. "పోలీసులా గుడ్లురిమి చూస్తుంటే ఏ తల్లి ఇంటికి పోతుందే? పక్కకి తిరిగి కూర్చో" అంది.
రోజంతా పక్కకి తిరిగి కూర్చున్నాను. మెడ పట్టేసింది. గూడు లేదు.

ఏప్రిల్ 19
పొగమంచు. నా చెయ్యి నాకే కనపడలేదు.

ఏప్రిల్ 24, సాయంత్రం 4
గూడు దొరికింది.
పిట్ట ఎక్కడి నుంచి లేచిందో ఈసారి సరిగ్గా చూశాను. పరుగెత్తాను. ఆ గడ్డిదుబ్బు దగ్గర వంగి చూస్తే ఏమీ లేదు. ఒక్క అడుగు వెనక్కి వేశాను. బూటు కింద మెత్తగా తగిలింది.
రెండు గుడ్లు. రెండూ.
అరచేతిలో పట్టేంత గిన్నె, ఎంత నున్నగా అల్లిందో! ముప్పై రెండు రోజులు కళ్లతో వెతికి, చివరికి కాలితో కనిపెట్టాను.
పిట్ట రాతి మీదే ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఏప్రిల్ 25
మేడంకి ఫోన్‌లో చెప్పాను. గూడు గూడే కదా, కొలతలు తీసుకోమంది. ఫారంలో గుడ్లు పోయిన కారణం దగ్గర 'తెలియదు' అని రాయమంది. నా మంచికేనట.
'నంజి కాలు' అని రాశాను. పంపేశాను.

ఏప్రిల్ 28
మేడం నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ మండింది. గూడు లెక్కలోకి వచ్చిందట, ప్రాజెక్టు ఇంకో నెల నడుస్తుందట. ఇంకోటి వెతకమంది.
రాత్రి కంచం పక్కకి నెట్టేశాను. "నా గేదెల కాళ్ల కింద ఎన్ని పోయాయో! అవేమన్నా అన్నం మానేశాయా?" అంది మాదత్త. ఓదార్పేనేమో. లేచి వచ్చేశాను.

మే 6
ఆ పిట్టే. నోట్లో గడ్డిపోచ, మళ్లీ గూటికి.
కళ్లు మూసుకుని వంద లెక్కపెట్టాను. తెరిచేసరికి లేదు.
ఫారంలో రాశాను: గూడు కనపడలేదు.