కట్ట మీద మొక్కలు

మామయ్యగారూ,

మన చెరువు కట్ట పాసైంది! తనిఖీకి ఇంజనీరుగారు వచ్చి వెళ్లారు. మీరు కునుకు తీస్తున్నారని లేపలేదు. నాకు డ్యూటీకి టైమైపోతోంది. నేను మొక్కలు పీకిన గుంతల్లో బంకమట్టి వేయించి, వాన రాకముందే దిమ్మిసతో గట్టిగా కొట్టించండి. నిండితే నీళ్లు పొర్లిపోయే దారికి మీ పడవ అడ్డంగా ఉంది, అదీ పక్కకి లాగించండి. అన్నం పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను.

నీడ కోసం మీరు ముచ్చటపడి కట్ట మీద నాటినవి పీకేశానని అప్పట్నుంచీ నాతో మాటల్లేవు కదా! ఇంజనీరుగారు ఏమన్నారో వినండి. "వేళ్లు లోపలికి దిగితే మట్టికట్ట గుల్లైపోతుందమ్మా. కట్ట మీ సొంతం కాబట్టి, తెగితే కింద ఇళ్లవాళ్లకి మీరే జవాబు చెప్పుకోవాలి. ఎవరు పీకారో గానీ కట్టని కాపాడారు" అన్నారు. నేనేనండీ అన్నాను. నా మొహం చేటంత అయింది.

ఇక మూతి ముడుపు చాలించండి.

కోడలు

మరిచాను. మొక్కల్ని పారేయలేదు. అవతలి ఒడ్డున, మీరు గాలం వేసుకు కూర్చునే చోట నాటాను. పొద్దున చూస్తే చిగురేశాయి.