నాన్న కంప్యూటర్ స్పీడు

ముబీన్,

నేను సత్తెనపల్లి డ్యూటీకి వెళ్తున్నా. నాన్న కంప్యూటర్‌లో నువ్వు పెంచిన ప్రాసెసర్ స్పీడు తగ్గించి మామూలుగా పెట్టేశా. ఏం కాదన్నావుగా, నిన్న తొంభై ఐదు డిగ్రీలకెక్కింది. పక్కనే మిరపకాయ టిక్కీ బస్తాలు పెట్టుకుని, ఆ దుమ్ముకి లోపలి ఫ్యాన్ పూడుకుపోతే దానికేం ఊపిరాడుతుందిరా? ముందు దులుపు, తర్వాత గేమ్‌లో విమానాలు నడుపుకో.

నిన్న నువ్వు గేమ్ ఆపకుండా పోయావు. ఆ ఫ్యాన్ హోరు విని, నాన్నే విమానం నడుపుతున్నారనుకుని, మతిమరుపుతో అమ్మ టీ తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది. ఆయన పోయి నాలుగు నెలలైందని చెప్పడానికి నోరు రాక నేనే తాగేశా. ఖాళీ గ్లాసు చూసి అమ్మ మొహం వెలిగిపోయింది.

అక్క

స్పీడు తగ్గించినా మూడింటికి నాన్నకి టీ వస్తుంది. చల్లారకముందే తాగేసి, గ్లాసు అక్కడే వదిలెయ్.