బ్రేకుకు వేసిన తీగ

చిరంజీవి అమ్మడికి నాన్న దీవెనలు.

ఇంట్లో మేమంతా కులాసా. నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుంటున్నావనే అనుకుంటాను. అమ్మ మోకాలి సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు కాబట్టి మేడమీద బట్టలారేసే పని నా నెత్తిన పడింది. క్లిప్పులు పెట్టడం కూడా చేతకాదని రోజూ చీవాట్లు తింటున్నాను.

"మన వర్క్‌షాపులో నిలువు మిల్లింగ్ మిషన్‌కి ఆ ఓవర్‌లోడ్ అలారం మళ్ళీ వచ్చిందా?" అని కూడా రాశావు. రాలేదమ్మా. నువ్వు కొత్త ఉద్యోగానికి వెళ్ళాక ఒక్కసారి కూడా రాలేదు. రాకపోవడమే మా కొంప ముంచబోయింది.

మొన్న ఆ మిషన్ మీద మీసాల మామ ఉన్నాడు. టూల్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిలే హెడ్డు పైన ఆగి ఉంది. మామ మిషన్ తలుపు తీసి, టూల్ కింద పేరుకున్న ఇనుప రజను బ్రష్షుతో ఊడుస్తున్నాడు. రజను బయటికి లాగే కన్వేయర్‌లో ఏదో ఇరుక్కుని కీచుమంటే, నేనే ఎమర్జెన్సీ బటన్ కొట్టాను. బటన్ కొడితే మోటారుకు కరెంటు పోతుంది, ఆ క్షణమే బ్రేకు హెడ్డును ఉన్నచోటే పట్టుకోవాలి. పట్టుకోలేదు. అంత బరువూ దబ్బున కిందికి దిగింది. మామ బ్రష్షు హెడ్డు కింది బల్లమీద పెట్టి, చెమట తుడుచుకోవడానికి అప్పుడే చెయ్యి బయటికి తీశాడు. బ్రష్షు రెండు ముక్కలైంది.

"బావా, ఇంకొక్క క్షణమైతే నీ చెల్లెలు నాకు అన్నం కలిపి తినిపించాల్సొచ్చేది" అని నవ్వాడు. నవ్వుతూనే కూలబడిపోయాడు.

మిషన్ కరెంటు ప్యానెల్ తెరిచాను. బ్రేకుకు కరెంటు ఇచ్చే రిలే స్విచ్చి కాలిపోయి ఉంది. కరెంటు అందకపోతే ఆ బ్రేకు వదలదు, మోటారు లాగలేక అలారం కొడుతుంది. దాన్ని దాటించి, సప్లై నుంచి నేరుగా బ్రేకుకు ఒక తీగ. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ బ్రేకు వదిలేసే ఉంటుంది. ఇక అలారమూ రాదు, పట్టూ ఉండదు. ఎవడీ వెధవ అని తిట్టబోయి ఆగాను. తీగ చివర చుట్టిన టేపు కొస, ఊడదీయడానికి వీలుగా మడిచిపెట్టి ఉంది. అలా మడవడం నీకు నేర్పింది నేనేగా!

ఎందుకు వేశావో తెలుసు. రిలే దొరకలేదు, సరుకు లారీ గేటు దగ్గరుంది, మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తర్వాత తీసేద్దామనుకున్నావు, ఈలోగా కొత్త ఉద్యోగం వచ్చింది, మర్చిపోయావు. అంతవరకూ నేను నీవైపే.

కానీ ఉత్తరం చివర ఏం రాశావు? "ఇక్కడా అదే అలారం నాన్నా! సర్వీసువాళ్ళు వారం పడుతుందన్నారు, నేను అరగంటలో నడిపించేశాను, అందరూ చప్పట్లు కొట్టారు" అని. మొదటిసారి చదివి మురిసిపోయాను, అమ్మకు కూడా వినిపించాను. ఆ ప్యానెల్ మూసి వచ్చాక మళ్ళీ చదివితే అర్థమైంది, అక్కడా ఇదే తీగ వేశావని.

వెంటనే ఫోన్ చేస్తే, "ఇది మీ పాత షాపు కాదు, నాకు తెలుసులే నాన్నా, నలుగురిలో నా పరువు తీయకు" అని పెట్టేశావు. మళ్ళీ ఎత్తలేదు. మొండిదానా! "దీనికి ఎవరి పోలికే?" అని అమ్మనడిగితే నా వైపు వేలు చూపించింది.

ఇక చెప్పలేక చెబుతున్న మాట. ఈ పొద్దున మీ కంపెనీకి ఫోన్ చేసి, మీ మెయింటెనెన్స్ పెద్దాయనతో మాట్లాడి ఆ మిషన్ ఆపించాను. నీకింకా ఉద్యోగం ఖాయం కాలేదని తెలిసే చేశాను. పోతే జన్మంతా నన్ను తిట్టుకో, పడతాను. ఆ మిషన్ మీద పనిచేసే ఆవిడకు పసిబిడ్డ ఉందని నువ్వే రాశావు. ఆవిడ చేతులు పోతే ఎవరు తెచ్చిస్తారు?

"తీగ ఎవరు వేశారు?" అని ఆయన గుచ్చిగుచ్చి అడిగాడు. "రేపు సాయంత్రం దాకా ఆగండి, వేసినవాళ్ళే వచ్చి చెబుతారు" అన్నాను. సరేనన్నాడు. ఈ ఉత్తరం మీవైపు వచ్చే లారీ డ్రైవరుకిస్తున్నాను, రేపు పొద్దున్నే నీకందుతుంది.

మీ పెద్దాయన గది ముందు కాళ్ళు కదలవు, నాకు తెలుసు. నిన్న మీసాల మామ ఇంటి గుమ్మంలో నేనూ అలాగే నిలబడ్డాను, ఆ తీగ వేసింది నా కూతురని చెప్పడానికి. చెప్పేశాను. మామ లేచి కుర్చీ జరిపాడు. తర్వాత "లోపలికి రా బావా" అన్నాడు.

వెళ్ళు తల్లీ.

ఇట్లు,
కోపం కన్నా కంగారే ఎక్కువైన
మీ నాన్న