పెట్టెలో ఇంకెవరో ఉన్నారు

పైసాందూ,
27 సెప్టెంబర్ 2009, ఆదివారం.

ప్రియమైన ఎల్బాకు,

నెలిదా నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ మా ఆయన వాల్దెమార్ ఆరోగ్యంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తానని రాయడం మర్యాద. ఈసారి ఆ మాట రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. నువ్వు ఎలా ఉన్నావో నాకు మొన్న గురువారం తెలిసింది. అప్పటినుంచి అన్నం మీదికి మనసు పోవడం లేదు.

చేతిరాత చూడగానే చించి పారేస్తావని కవరు మీద నీ పేరు టైపు చేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూల్లో నీ పక్క గదిలో పిల్లలకి టైపు నేర్పిన దాన్ని, అలాగైనా నువ్వు పోల్చుకుంటావు. పోల్చుకున్నా సరే, చివరిదాకా చదువు. తర్వాత చించు.

నీకు ఫోన్లో సరిగ్గా వినపడదు కాబట్టే మనం ఈ ఈమెయిళ్ళ ఏర్పాటు చేసుకున్నాం. దానివల్లే ఇంత పనీ జరిగింది. అందుకే ఈసారి కాగితం మీద రాస్తున్నాను.

మార్చిలో స్కూలు యాభయ్యేళ్ళ విందులో నేను చేసిన పాపం నీకు గుర్తు చేయనక్కర్లేదు. నలుగురూ నవ్వుతారు కదా అని, చెడిపోయిన నీ పెళ్ళి సంబంధం కథ అందరిముందూ చెప్పాను. మర్నాడు పొద్దున మా వంటింట్లో నీకు మాతే ఆకు టీ కలిపి ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, గిన్నె నా చేతికి తిరిగి ఇస్తూ థాంక్స్ అన్నావు. మాతే దగ్గర ఆ మాట అంటే ఇక చాలని అర్థమని పుట్టిన పిల్లకి కూడా తెలుసు. మొదటి గిన్నెకే ఎవరూ అనరు. నువ్వు అన్నావు, సంచీ తీసుకుని బస్సెక్కి వెళ్ళిపోయావు.

మే ఇరవైన నీకు క్షమాపణ రాశాను. ఆ వారంలోనే మేము కొత్త కంప్యూటర్ కొన్నాం. దాని ముందు కూర్చుని నీ జవాబు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. జూన్ వెళ్ళింది, జులై వెళ్ళింది. సూపర్ మార్కెట్ వాళ్ళ తగ్గింపు ధరల ఉత్తరాలు వచ్చేవి, పెన్షన్ ఆఫీసు వాళ్ళవీ అప్పుడప్పుడు వచ్చేవి. నీది మాత్రం లేదు. మధ్యమధ్యలో తెర మీద ఒక బూడిదరంగు గడి వచ్చి, కనెక్షన్ లోపం అని అనేది. సరే అని నొక్కితే పోయేది.

నాకు ఆ లోపం మీదే ఆశ ఎల్బా. నువ్వు రాసే ఉంటావు, ఈ దిక్కుమాలిన పెట్టే అందనివ్వడం లేదు అనుకునేదాన్ని. టీవీలు బాగుచేసే దార్విన్‌ని మూడుసార్లు పిలిపించాను. మొదటిసారి వచ్చి నెట్ పెట్టె ఆపి, ముప్పై లెక్కపెట్టి మళ్ళీ వేశాడు. ఇదేనా వైద్యం అని నేనంటే, టీచరమ్మా, సగం రోగాలు దీనితోనే పోతాయి అన్నాడు. రెండోసారి వైరు మార్చాడు. మూడోసారి, ఆగస్టు పన్నెండున, వైరస్ కాపలా తీసేసి, నూట పది అని ఉన్న ఏదో అంకె చెరిపి తొమ్మిదివందల తొంభై ఐదు పెట్టాడు. ఆ గడి వచ్చిన ప్రతిసారీ అతను కూడా సరే అని నొక్కి మూసేవాడు. కింద సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రెండు వరుసలు ఉండేవి. అతనూ చదవలేదు, నేనూ చదవలేదు. వరుస చివరిదాకా చదవండర్రా అని ఎన్ని వందల మంది పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టానో నీకు తెలుసు.

దార్విన్ వెళ్ళాక ఆ రెండు రోజులు నేను మరీ వెర్రిగా కూర్చున్నాను. ఉత్తరాలు తెచ్చే బొత్తాం నిమిషానికోసారి నొక్కాను. వాల్దెమార్ వచ్చి, ఏమిటే నెలీ, ఆ బొత్తాం అరిగిపోతుంది, వచ్చి తిను అన్నాడు.

ఇక గురువారం సంగతి. ఆ గడి మళ్ళీ వచ్చింది. ఈసారి కోపం వచ్చి నెట్ కంపెనీ సహాయం నంబరుకి ఫోన్ చేశాను. అరగంట పాట వినిపించాక ఒకావిడ పలికింది. గొంతు చూస్తే మన శిష్యురాళ్ళ వయసే ఉంటుంది. అమ్మా, ఆ గడి మూయకండి, అందులో ఏముందో ఒక్కో అక్షరం చెప్పండి అంది. చెప్పాను. అయిదు నిమిషాలు పట్టింది. అటువైపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత మెల్లగా, ఇది కనెక్షన్ లోపం కాదమ్మా, మీ కనెక్షన్ శుభ్రంగా ఉంది, మీ పోస్టుపెట్టె తెరవబోతే లోపల ఇంకెవరో ఉన్నారని చెబుతోంది అంది.

ఎవరు అన్నాను. వాళ్ళు ప్రతి అయిదు నిమిషాలకీ వచ్చి కొత్త ఉత్తరాలన్నీ తీసుకుపోతున్నారమ్మా, వాళ్ళు తీసుకున్నాక ఇక్కడ ఏమీ మిగలదు, మీరు నొక్కేసరికి అప్పుడే వచ్చి పడ్డవేవో రెండు మీకు దొరుకుతున్నాయి అంది. జూన్ నుంచి ఇదే వరస అంది. ఎక్కడినుంచి తల్లీ, ఆ దొంగ ఎక్కడున్నాడు అని అడిగాను.

మీ ఇంటినుంచేనమ్మా అంది.

ఫోన్ పెట్టేసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను కాదు. తలుపులోంచి చూస్తే వాల్దెమార్ పెరట్లో ఎండలో కూర్చుని మాతే తాగుతున్నాడు. నలభై ఒక్క ఏళ్ళుగా చూస్తున్న వీపే. కానీ ఆ పూట ఎవరో పరాయి మనిషి కూర్చున్నట్టు అనిపించింది. విందు తర్వాత నువ్వు వెళ్ళినప్పుడు ఆయన అన్న మాట గుర్తొచ్చింది. పోనీలే, ఇక ఇంట్లో కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది అన్నాడు. హాస్యానికే అన్నాడు. గురువారం అది నాకు హాస్యంగా తోచలేదు.

వెళ్ళి ముఖాన అడిగేశాను. ఎల్బా ఉత్తరాలు ఏం చేశావు అన్నాను. ఆయన గిన్నె కింద పెట్టాడు. ఏ ఉత్తరాలు అన్నాడు. నాటకాలు ఆడకు, జూన్ నుంచి నువ్వు తీస్తున్నావని కంపెనీవాళ్ళే చెప్పారు అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. నేను ఆ యంత్రం ముట్టుకోనని నీకు తెలియదా, నాకు కావలసింది పాతది, అదీ నా టమాటాల కోసం అన్నాడు.

అప్పటికీ నాకు వెలగలేదు. పాతది అంటే అని అడిగాను.

వెనక గదికి తీసుకెళ్ళి చూపించాడు. పాత కంప్యూటర్ డబ్బా గోడవారన నేల మీద ఉంది. తెర లేదు, తెర కొత్తదానికి పెట్టాం కదా. డబ్బా మీద టమాటా నారు ట్రేలు రెండు, జానెడెత్తు మొక్కలు. ఆ డబ్బా ఒళ్ళు వెచ్చగా ఉంటుందని, మనకి జూన్‌లో మొదలయ్యే చలికాలంలో కూడా గింజలు త్వరగా మొలుస్తాయని ఆ నెల ఒకటిన వెలిగించాడట. అప్పటినుంచి ఆర్పలేదు. దాని వెనక నీలం వైరు గోడ రంధ్రంలోంచి మా నెట్ పెట్టెలోకి వెళ్తోంది. ఇదెందుకు పెట్టావు అంటే, రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు చేశాను నెలీ, విప్పిన వైరు ప్రతిదీ మళ్ళీ ఎక్కడిదక్కడ బిగించడమే నాకు తెలుసు అన్నాడు. ఏ వైరూ మిగలకుండా బిగించాడు. వెలిగించగానే ఉత్తరాలు తనంతట తానే తెచ్చుకునేలా దార్విన్ ఏనాడో దానికి నేర్పి పెట్టాడు. నాలుగు నెలలుగా అది కళ్ళు లేకుండా కూర్చుని మన పోస్టు తెచ్చి దాచుకుంటోంది.

కొత్తదాని తెర పీకి దానికి తగిలించాను. నూట నలభై మూడు ఉత్తరాలు. అందులో మూడు నీవి.

జూన్ మూడున రాసింది చదివాను. పిచ్చిదానా, కోపం పోయింది, మంచి క్విన్స్ పండ్ల జామ్ చేశాను, రా అని ఉంది. ఆగస్టు పదిన రాసింది చదివాను. పద్నాలుగున మోంతెవిదేయోలో గుండె ఆపరేషన్, పక్కన కూర్చునే మనిషి పేరు రాయమన్నారు, నీ పేరు రాశాను, నీ అల్లికా నీ మాతే తెచ్చుకుంటే చాలు అని ఉంది. పదమూడున రాసింది ఒకటే వరుస. నీ పేరు కొట్టేయించాను, జీతానికి కూర్చునే ఒకావిడని పంపుతామన్నారు అని.

ఆ వరుస దగ్గర నేను పెద్దగా ఏడ్చాను. వాల్దెమార్ నారు ట్రేలు రెండూ తీసుకెళ్ళి మట్టితో సహా చెత్తలో పోశాడు. మూడు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. ఎల్బా మంచం పక్కన మనిషి లేకపోవడానికి నా వైరే కారణం అంటున్నాడు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

నువ్వు బతికి ఇంటికి చేరావని మీ ఊళ్ళో ఉండే దార్విన్ భార్య చెల్లెలి ద్వారా తెలిసింది. దేవుడు నా మీద దయ తలిచాడు. జరిగింది ఇది. నీ ఉత్తరాలు నాకు అందలేదు ఎల్బా. నన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఎప్పటికీ నీ,
నెలిదా

తా.క. కవరు అంటించబోయి ఆగాను. పైన రాసిందంతా నిజమే, కానీ ఒకటి దాచాను. ఆగస్టు పన్నెండున దార్విన్ ఆ అంకె మారుస్తూనే, ఎల్బా టీచర్‌కి ఎల్లుండి గుండె ఆపరేషన్ అట కదా, మీరు వెళ్ళడం లేదా అని అడిగాడు. నాకు తెలుసు ఎల్బా. ఆస్పత్రి పేరు కూడా చెప్పాడు. సంచీ సర్దుకున్నాను. జిప్పు వేయలేదు. తనే పిలవాలి, పిలిస్తేనే వెళ్తాను అనుకుని ఆ రెండు రోజులూ బొత్తాం నొక్కుతూ కూర్చున్నాను. మోంతెవిదేయో బస్సులు రోజుకి నాలుగు ఉన్నాయి. నువ్వు పిలిచే ఉన్నావని నాకు తెలియకపోవడం యంత్రం తప్పు. పిలవకపోతే రాకపోవడం నా తప్పు. వాల్దెమార్‌కి ఈ సంగతి తెలియదు. ఆయన తన్ను తాను తిట్టుకుంటూ ఉంటే మూడు రోజులుగా ఊరుకున్నాను. ఇప్పుడు పెరట్లో ఉన్నాడు. ఈ నాలుగు వరుసలూ ఆయనకి చదివి వినిపించి, అప్పుడు కవరు అంటిస్తాను.