లమష్తుకు సాగనంపు

జూలై 4
ఇవాళ ఏడు దిష్టి బొమ్మలు. నాలుగు లారీల వెనక్కి, మూడు కొత్త ఇళ్లకి. కోరలు, గుడ్లు, నాలుక — చెయ్యి దానంతట అదే వేస్తుంది. ఎనిమిదోది చిన్న చెక్క మీద నా ఇష్టానికి వేశాను. కుక్క మూతి, రెక్కలు, తేలు తోక. పజూజు. బాబిలోను వాళ్ల గాలి దయ్యం. మేస్త్రి చూసి, "ఎవడ్రా ఈడు, మీ మామనా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నేను నవ్వలేదు.

జూలై 5
ఈ దయ్యాల సంగతి పాత పేపర్ల కొట్లో దొరికిన పుస్తకంలో సగం చదివాను, మిగతా సగం ఫోన్‌లో. పదో తరగతి దాటనోడికి ఇవన్నీ ఎందుకంటారు. లమష్తు కోసం. పసిపిల్లల్ని చంపే ఆడ దయ్యం. మిగతా దయ్యాలు దేవుళ్లు పంపితే వస్తాయి, ఇది తన ఇష్టంతో వస్తుంది. ఆకాశ దేవుడి కూతురే, బుద్ధి చూసి కిందికి తోసేశారు. సింహం తల, గాడిద పళ్లు. కడుపుతో ఉన్నదాని పొట్ట ఏడుసార్లు ముట్టుకుంటుంది, అంతే. పజూజు మొహం చూస్తే మాత్రం పారిపోతుందట. అందుకే గర్భిణులు మెడలో కట్టుకునేవాళ్లు. చెడ్డదాన్ని తరమడానికి ఇంకో చెడ్డవాడు.
మా సలోమి అక్కకి ఎనిమిదో నెల. ముందు ఇద్దరు పుట్టారు. ఇద్దరూ వారం దాటలేదు.

జూలై 9
వాన. రంగు ఆరడం లేదు.

జూలై 11
పర్ణశాల దాటి అక్క అత్తారింటికి వెళ్లాను. పజూజు చెక్క ఇచ్చాను. "నాకెందుకురా ఈ కోతి," అంది. అయినా దిండు కింద పెట్టుకుంది. కాళ్లు వాచాయి. "డాక్టరమ్మ ముందే వచ్చి చేరమన్నది తమ్మీ. అత్తమ్మ వద్దంటంది."
బయట అత్తమ్మ పక్కింటామెతో, నాకు వినపడాలనే — "రెండింటిని మింగింది. మూడోదాన్ని ఇడుస్తదా?"
"ఎవల్ని అంటున్నవ్?"
"ఉన్న మాట అన్న. నీకేం నొచ్చింది?"
లోపలి నుంచి అక్క — "ఊకో తమ్మీ."
ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నాను?

జూలై 14
గోదావరి పెరుగుతోంది. ఎర్ర నీళ్లు, కొట్టుకొస్తున్న దుంగలు.
లమష్తుని చంపలేరట. సాగనంపుతారు. మట్టితో దాని బొమ్మ చేసి, దువ్వెన, నూనె బుడ్డి, చెప్పులు, దారి బత్తెం కట్టి నది దాటిస్తారు. మా వైపు రోగం వస్తే చేటలో పసుపు కుంకుమ పెట్టి పొలిమేర దాటించినట్టే. మర్యాద అంతా మళ్లీ రావద్దనే.

జూలై 16
బావ ఫోన్. "మీ అక్కను అవతలి ఒడ్డుకు తోలుతున్నం. మీ చిన్నమ్మ ఇంటికి."
"డాక్టరమ్మ చెప్పిందేంది, నువ్వు చేస్తున్నదేంది?"
"గట్లనే అంటవ్. గీ ఇంట్ల రెండు పోయినయ్. అమ్మ వద్దంటంది."
చిన్నమ్మ ఊళ్లో దవాఖానా లేదు. పడవ దిగాక మోకాలి లోతు బురద. మా అమ్మ బతికి ఉంటే ఈ మాట అనగలిగేవాడా? మేస్త్రికి చెప్పకుండా బండి తీశాను.

అదే రోజు, సాయంత్రం
అక్క, బావ, అత్తమ్మ రేవులో దొరికారు. నీళ్లు చూసి పడవవాడు ఇంకా ఒప్పుకోలేదు. అక్క రాయి మీద కూర్చుని ఉంది, పక్కన సంచి. విప్పాను. దువ్వెన. కొబ్బరి నూనె సీసా. కొత్త చెప్పులు. అటుకులు, బెల్లం. పుట్టబోయే బిడ్డకి ఒక్క గుడ్డ ముక్క లేదు.
వీళ్లు ఆ పుస్తకం చదవలేదు. ఎవరూ నేర్పలేదు. అయినా సరిగ్గా అవే కట్టారు. మా అక్కని దయ్యాన్ని చేసి.
సంచి గోదావరిలోకి విసిరేశాను. అత్తమ్మ గోల — "అయ్యో, కొత్త చెప్పులురా!"
దుమ్ముగూడెం నుంచి ఆటో పిలిపించి అక్కని భద్రాచలం దవాఖానాలో చేర్చాను. బావ రేవులోనే నిలబడిపోయాడు. మగాడు!

జూలై 19
ఆడపిల్ల. నెల ముందే వచ్చింది. అద్దాల పెట్టెలో ఉంచారు. నా అరచెయ్యంత ఉంది.

జూలై 22
అక్క పక్కలోకి ఇచ్చారు. పాలు తాగింది. రెండుసార్లు.

జూలై 23
పొద్దున్నుంచి పిల్ల పాలు తాగడం లేదు. డాక్టరమ్మ చూసి "చూద్దాం" అంది. ఆ మాట నాకు నచ్చలేదు.
మధ్యాహ్నం అత్తమ్మ వచ్చింది. ఒక్కతే, తడిసి ముద్దయి. వార్డు గుమ్మంలో నేను.
"జరుగు పిలగా. పిల్లను ఒక్కసారి ముట్టుకొని పోత."
"పో అత్తమ్మా."
"నాకు ముగ్గురు పిల్లలు పోయిండ్రు, నీకెరుకనా? మా అత్త నన్ను గూడ గిట్లనే పడవెక్కించింది."
"గందుకని మా అక్కను ఎక్కిస్తవా?"
కొంగు పిండుకుంటూ నిలబడింది. కాసేపటికి ఎదురుగా నేల మీద కూలబడింది. వెనక మంచం మీద నుంచి అక్క, సన్నగా — "రానియ్ తమ్మీ."
గుమ్మంలో కూర్చునే ఇది రాస్తున్నాను. దవాఖానా ఆయా వచ్చి దారి వదలమని అరిచి వెళ్లింది. అక్క మళ్లీ అంది, రానియ్ అని. పిల్ల ఏడవడం లేదు...
నేనింకా జరగలేదు.