కళ పాటలకు స్పీకర్ వద్దు

జూలై 7, సోమవారం

అన్యాయం జరిగింది. చేసినవాడు లక్ష్మీనర్సయ్య, ఈ మరాఠీ ఊళ్ళో మా తెలుగు నేతవాళ్ళ సమాజ్‌కు సెక్రటరీ. కళక్క పాటలు అందరికీ వినిపించడానికి ఇస్తానన్న హాలును ఇవాళ ఇవ్వనన్నాడు. పెండ్లిండ్లయ్యే జాగల ఏడ్పు పాటలేందిరా కిట్టూ, శకునం ఖరాబైతది, భజన పెట్టుకో, పైస లేకుంట ఫుకట్ల ఇస్త అన్నాడు. హాలు లేచింది మగ్గాల మీద చెమటోడ్చినవాళ్ళ చందాలతో అన్నాను. కరపత్రాలు సదివి సదివి నీ దిమాక్ గరమైంది, ఇంటికి పోయి సల్లనీళ్ళు తాగు అన్నాడు. కుర్చీని తన్ని వచ్చాను. బొటనవేలు వాచింది.

జూలై 8, మంగళవారం

ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను. మొదటిసారి విన్నప్పుడు నాకూ కోపమే వచ్చింది.

ఆమె నెట్‌లో పెట్టిన ఆల్బమ్ పేరు ‘మెల్లగ’. ఆరు పాటలు, ఒక గిటార్, ఒక గొంతు. రాసిందీ పాడిందీ కళక్కే. ఆమె గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తుంది. తండ్రి కనుకయ్య బాపు టెంఘర్‌లో పవర్‌లూమ్ నడిపి నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. ఇంత చూసిన మనిషి పాటలో పిడికిలి ఏదీ అనుకున్నాను. అప్పుడు మూడో పాట వచ్చింది. ‘నాయినా, నీ చెవులల్ల మగ్గం ఎప్పుడాగుతది’ అని అడుగుతుంది. అంతే. జవాబు చెప్పదు, అరవదు. నేను బస్సులో ఉన్నాను. దిగాల్సిన స్టాప్ దాటిపోయాను. నేను చదివిన ఏ కరపత్రమూ నన్ను స్టాప్ దాటించలేదు.

కింద కామెంట్లు చూశాను. వానలో కాఫీతో బాగుంది అని పుణె నుంచి ఎవరో. మంచి నిద్ర పట్టింది అని ఇంకొకరు. రక్తం మరిగింది. మీ కాఫీ కోసమా ఆయన చెవులు పోయింది అని రాసి పోస్ట్ చేశాను. కళక్క వెంటనే ఫోన్ చేసి తీసెయ్యమంది. నిద్ర పట్టనోళ్ళకు నిద్రవడితె నీకేం కడుపుమంటరా అంది. తీసేశాను. ఆమె దిగులు అంతే, ఎవరినీ కొట్టదు. పక్కకు జరిగి మనకూ కూర్చోవడానికి ఇంత చోటిస్తుంది.

జూలై 9, బుధవారం

కళక్క ఒక్కటే అడిగింది, మనోళ్ళు ఎవలన్న విన్నరా అని. మాట మార్చాను.

జూలై 11, శుక్రవారం

శుక్రవారం మగ్గాలకు సెలవు. గల్లీ అంతా నిశ్శబ్దం. కళక్క డ్యూటీ నుంచి వచ్చేలోపు గల్లీ మొత్తానికి వినిపించి ఆమెను మెప్పించాలని, వాళ్ళ గుమ్మంలో స్పీకర్ పెట్టి ఫుల్ వాల్యూమ్‌లో వేశాను.

మూడో పాటలో ‘నాయినా’ అని సాగిందో లేదో, ఎదురింటి ఓదెమ్మ కొప్పు ఊడదీసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. వెనక సమ్మవ్వ, ఇంకా ఆడవాళ్ళు. మా వాళ్ళలో తండ్రి పోతే బిడ్డ అట్లాగే శోకం పెడుతుంది, పిలుస్తూ, ఆగుతూ, మళ్ళీ పిలుస్తూ. వాళ్ళు కనుకయ్య బాపు పోయాడనుకున్నారు! నేను నోరు తెరిచేలోపే ఓదెమ్మ గుమ్మంలో కూలబడి అందుకుంది. పాట ఆగిన చోట ఆమె శోకం, ఆమె ఊపిరి పీల్చుకునే చోట పాట. ఆ రెండు గొంతులు ఎట్లా కలిశాయో నాకు తెలియదు. స్పీకర్ ఆపాలన్న సంగతే మరిచిపోయాను.

అంతలో కనుకయ్య బాపు పాల ప్యాకెట్ పట్టుకొని వచ్చాడు. గుంపును చూసి, ఎవలు వొయిండ్రు అని చేత్తో అడిగాడు. నువ్వే పోయినవ్, ఇగ పాలెందుకయ్యా నీకు అని సమ్మవ్వ. ఏడుస్తున్నవాళ్ళంతా ఏడుపుతోనే నవ్వారు. ఓదెమ్మ ముక్కు చీదుకొని, ఆ పాట మల్ల వెట్టు బిడ్డా అంది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఒక్కరూ లేవలేదు.

జూలై 12, శనివారం

లక్ష్మీనర్సయ్య చాయ్ టపరీ బల్ల మీద కూర్చొని వచ్చేపోయేవాళ్ళకు చెబుతున్నాడట, బతికున్న తండ్రికి శోకం పెట్టిన బిడ్డను చూసిండ్రా, నేను ముందే చెప్పలేదా అని. కళక్క నా ఫోన్ ఎత్తలేదు. సాయంత్రం మెసేజ్ వచ్చింది. రేపు ‘మెల్లగ’ తీసేస్తున్న, నాయిన సావు గోరిన పాటలట నావి, ఇగ పాడ.

జూలై 13, ఆదివారం

పొద్దున్నే వెళ్ళాను. అణచివేత, కళ, ప్రజలు అని ఉపన్యాసం సిద్ధం చేసుకొని మరీ వెళ్ళాను. దాంతో పనిపడలేదు.

టపరీ మాట బాపుకూ చేరింది. ఆ పాటేందో పాడు అంటున్నాడు. నీకు ఇనవడదు గద నాయినా అని కళక్క చేతులూపుతోంది. ఆయన కుర్చీ తెచ్చి కిటికీ దగ్గర వేశాడు. ఆమె ముఖం మీద వెలుతురు పడేట్టు కూర్చోబెట్టి, ఎదురుగా కింద కూర్చున్నాడు. షెడ్డులో మగ్గాల మోతకు పక్కవాడి మాట కూడా వినపడదు. అందరూ ఒకరి మూతి ఒకరు చూసే మాట్లాడుకుంటారు. అన్నేళ్ళూ ఆయన లోకాన్ని విన్నది కళ్ళతోనే.

కళక్క పాడింది. నేను విన్నాను. ఆయన చూశాడు.

అయిపోయాక, వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో గల్లీ అంతా దద్దరిల్లేట్టు అన్నాడు, ఆగదు బిడ్డా, గని నువ్వు పాడుతుంటే దాని సంగతే యాదికి లేదు. సచ్చినంక ఏడిస్తె నాకెట్ల ఎరుకైతది, గిప్పుడే మంచిగుంది అన్నాడు.

నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. వాన పడుతోంది. తడిశాను.

జూలై 15, మంగళవారం

బాపు షెడ్డులో అందరికీ మూతితో, చేతులతో చెప్పాడు. అక్కడే చెవులు పోగొట్టుకున్న గట్టయ్య మామ నన్ను దారిలో పట్టుకొని, స్పీకర్ డబ్బా గిబ్బా వద్దు, పిల్లను ముందర కూసోవెట్టు, మేం సూస్తం అన్నాడు.

కళక్క ‘మెల్లగ’ ఇంకా తీసెయ్యలేదు. పాడననీ అనడం లేదు. ఒక్కసారి వాళ్ళ ముందర పాడుత, వాళ్ళ మొఖాలు చూసినంకనే ఉంచుడో తీసుడో అంది.

బాపు పనిచేసే షెడ్డు యజమాని, సేఠ్ యమునాబాయి జాగా ఇచ్చింది. ఇవ్వొద్దని లక్ష్మీనర్సయ్య ఫోన్ చేశాడట. నా షెడ్డుల పెండ్లిండ్లు గావు, ఏ శకునం ఖరాబైతదో జర చెప్పు అందట. సేఠ్‌ను మెచ్చుకుంటూ రాయాల్సి వస్తుందని అనుకోలేదు. రాశాను.

జూలై 17, గురువారం

కరపత్రం రాయడానికి కూర్చున్నాను. పెద్ద పెద్ద మాటలన్నీ కొట్టేస్తే ఇది మిగిలింది.

రేపు, శుక్రవారం, పొద్దున పది గంటలకు. టెంఘర్, యమునాబాయి షెడ్డు. మగ్గాలు బంద్. స్పీకర్ ఉండదు. కళ కిటికీ దగ్గర కూర్చొని పాడుతుంది. చెవులు పోయినవాళ్ళు ముందు కూర్చోవాలి. వినపడేవాళ్ళు వెనక నిలబడాలి.